శాస్త్రవ్యాసములలో ఆధారసూచనలు: వాని పుట్టుపూర్వోత్తరములు

శాస్త్రపత్రికలో అచ్చుపడిన వ్యాసమును చేతికి తీసికొన్న సామాన్య పాఠకుడు తుదిపుటలను చదువక విడిచిపెట్టును. అచట చిన్న అక్షరములలో పేర్లు, సంవత్సరములు, సంపుటముల అంకెలు, పుటల అంకెలు బారులు తీరియుండును. వ్యాసకర్తకు సైతము ఆ పట్టికను సిద్ధపరచుట విసుగు పుట్టించు పనియే. చుక్క ఉండవలసిన చోట కామా ఉన్నదని వ్రాతప్రతి తిరిగివచ్చిన అనుభవము పరిశోధకులలో పలువురకు కలదు. అయినను ఈ పట్టికకు ఒక చరిత్ర ఉన్నది. అందులో మన తెలుగువారి కథయు కొంత కలిసియున్నది.

మూలము చెప్పు అలవాటు మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు. మెదకు సీమవాడైన కోలాచలము మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యానములు వ్రాయుచు, ఆధారము లేనిదేదియు వ్రాయనని ముందుగనే మాట ఇచ్చెను. పదమునకు అర్థము చెప్పినప్పుడెల్ల ‘ఇత్యమరః’ అనియో, మరియొక కోశకారుని పేరనో ప్రమాణము చూపుచు పోయెను. ఏ కాండము, ఏ వర్గము, ఎన్నవ శ్లోకము అని మాత్రము చెప్పలేదు. చెప్పనక్కరలేదు. ఆనాటి విద్యార్థికి అమరము కంఠస్థము. పేరు వినినంతనే శ్లోకము నోటికి వచ్చెడిది. చదువరి జ్ఞాపకశక్తియే అప్పటి విషయసూచిక. ముద్రణ వచ్చి, ఎక్కడో దూరదేశమున వెలువడిన సంపుటమును ఎన్నడును చూడనివాడు వెదకవలసిన కాలమున, పేరొక్కటే చాలదయ్యెను.

1665వ సంవత్సరము జనవరిలో పారిసున ‘జుర్నాల్ దె సావాన్’, మార్చిలో లండనున హెన్రీ ఓల్డెన్‌బర్గు నడపిన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్సు’ వెలువడినవి. శాస్త్రపత్రికలకు ఇవియే ఆద్యములు. ఆ తొలినాళ్ల రచయితలు పూర్వుల కృతులను వాక్యముల నడుమనే ప్రస్తావించుచుండిరి. చదువరులు కొలదిమంది, ఒకరి గ్రంథములను మరియొకరు ఎరిగినవారే. పందొమ్మిదవ శతాబ్దమున పత్రికలు లెక్కకు మిక్కుటము కాగా ఆ సౌకర్యము తొలగిపోయెను. పుటల అడుగున అధోజ్ఞాపికలు పెరిగి, కొన్నిచోట్ల అసలు వ్యాసమునే పైకి నెట్టివేయసాగినవి.

1881లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు లారెన్సు మార్కు అను జంతుశాస్త్రజ్ఞుడు గుల్ల లేని నత్తను గూర్చి ఒక దీర్ఘవ్యాసము ప్రకటించెను. దాని గ్రుడ్డు పక్వమగుట, ఫలించుట, విభజన చెందుట అందలి విషయము. ఆ వ్యాసమున ఆయన చేసిన చిన్న ఏర్పాటు నత్తకంటె ఎక్కువ కాలము నిలిచినది. పూర్వపరిశోధకుని పేరు ప్రక్కనే కుండలీకరణములలో సంవత్సరము వేసి, పూర్తి వివరములను తుదిపట్టికలో చేర్చెను. ఆ అంకె చదువరిని పట్టికకు నడిపించును. ఆ పని ఏనాటిదో వెంటనే తెలుపును. ఒక అంకెతో రెండు పనులు. ఈ పద్ధతికి లోకమున ‘హార్వర్డు పద్ధతి’ అని పేరు వచ్చెను గాని మార్కు పేరు నిలువలేదు. పరుల పేర్లు మరువకుండుటకు మార్గము చూపినవాని పేరే మరుగున పడుట విడ్డూరము. 1988లో ‘బ్రిటిషు మెడికల్ జర్నల్’లో వెలువడిన ఒక వ్యాసము ఈ గుట్టు విప్పెను.

వైద్యపత్రికలవారు వేరుదారి త్రొక్కిరి. 1978 జనవరిలో కెనడాలోని వాంకూవరు నగరమున కొందరు సంపాదకులు కూడి, ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క తీరున పట్టిక కోరుటవలన కలుగు చిక్కును తొలగింపదలచిరి. వారి నియమములు 1979లో ప్రచురింపబడినవి. వ్యాసములో ఏది ముందు ప్రస్తావింపబడునో దానికి ఒకటవ అంకె, తరువాతిదానికి రెండవది. పట్టికయు ఆ వరుసనే. పుట తేటగా కనబడును. నిజమే గాని, చేతివ్రాతతో పని జరిగిన రోజులలో నడుమ ఒక కొత్త ఆధారము చేర్చినచో తరువాతి అంకెలన్నియు మార్చవలసినదే. మా మట్టుకు మాకు మార్కు పద్ధతియే ఇంపుగా తోచును: అంకె కంటె మనిషి పేరు చరిత్రను ఎక్కువగా చెప్పును.

ఇపుడు ఒక సూచనను విడదీసి చూతము. ‘ఫిస్కె సి. హెచ్., సుబ్బారావు వై. జె. బయోల్. కెమ్. 1925, 66: 375–400.’ సంక్షేపించిన పేరు ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ అను పత్రికది. సంవత్సరము పిదప సంపుటము, తరువాత మొదటి, తుది పుటలు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కెతో కూడి హార్వర్డు వైద్యకళాశాలలో కనుగొనిన భాస్వరపు కొలత పద్ధతి ఇదియే. ద్రావణమునకు ఆమ్లములో మాలిబ్డేటును, పిదప క్షయకరణ ద్రవ్యమును చేర్చినచో నీలివర్ణము పుట్టును. ఆ రంగు గాఢతనుబట్టి భాస్వరము ఎంతయో లెక్కింతురు. వేలకొలది వ్యాసముల తుదిపట్టికలలో ఈ పంక్తి కనబడును. సంపుటము అంకె ఒక్కటి తప్పినచో గ్రంథాలయమున వెదకువాడు వేరొక పుస్తకము ముందు నిలుచును. మూలము చూడక ఒకరి పట్టికను మరియొకరు దించుకొనినప్పుడు ఆ తప్పు తరతరములకు సంక్రమించును.

పేరులోని చిక్కు ఇంకను లోతైనది. ‘యల్లాప్రగడ’ మనకు ఇంటిపేరు. పట్టికలో అది ‘వై’ అను ఒక అక్షరముగా కుంచించుకొనిపోయెను. సుబ్బారావు అను సొంతపేరు వంశనామపు స్థానము ఆక్రమించెను. ఇంగ్లీషు లిపిలో ఆ పేరే ఒక్కొక్కరి చేత ఒక్కొక్క రూపము దాల్చినది. కలియంపూడి రాధాకృష్ణరావుగారికిని ఇదే అనుభవము. కలకత్తా గణితసంఘపు పత్రిక 37వ సంపుటమున 1945లో ఆయన ప్రకటించిన వ్యాసము గణాంకశాస్త్రమునకు పునాదులలో ఒకటి. దానిని లోకము ‘రావు, సి. ఆర్.’ అని పేర్కొనును. మన దేశమున రావులకు కొదవలేదు గదా!

1955లో యూజీన్ గార్‌ఫీల్డు అను అమెరికను ఒక ఆలోచన ప్రకటించెను. న్యాయవాదులకు ఏ పూర్వతీర్పును ఏ తరువాతి తీర్పు పేర్కొన్నదో తెలుపు షెపర్డు సూచికలు 1873 నుండి ఉండెను. అట్టిదే శాస్త్రమునకును కావలెనని ఆయన వాదము. 1960 తరువాత అది నెరవేరి, ‘సైన్సు సైటేషన్ ఇండెక్సు’ వెలువడెను. నాటినుండి తుదిపట్టిక కేవలము మర్యాద కాదు. అది లెక్క అయ్యెను. ఎవరి వ్యాసమును ఎందరు పేర్కొనిరో చూచి ఉద్యోగములు, ధనసహాయములు నిర్ణయించు కాలము వచ్చెను. అచ్చు సూచికలో పేర్కొనబడిన వ్యాసములను మొదటి రచయిత పేరు క్రిందనే అమర్చుచుండిరి. కావున 1925నాటి వ్యాసమునకు వచ్చిన గౌరవమంతయు ఫిస్కె పేరు క్రిందకే చేరెను. సుబ్బారావు కొరకు వెదకిన వానికి ఆ పుటలలో ఆ పని కనబడదు. ఆయన 1948లోనే కీర్తిశేషుడయ్యెను. ఈ లెక్క ఆయన చూడలేదు.

2000 నుండి వ్యాసమునకు మారని అంకెల చిరునామా ఇచ్చు ఏర్పాటును ప్రచురణకర్తలు నడపుచున్నారు. 2012 నుండి ‘ఆర్కిడ్’ అను సంస్థ పరిశోధకునికి పదునారు స్థానముల గుర్తుసంఖ్య ఇచ్చుచున్నది. పేరు ఎట్లు వ్రాసినను ఆ సంఖ్య మారదు. పట్టికను యంత్రమే కూర్చి పెట్టు కాలమిది. అయినను ఆ యంత్రమునకు పేరులో ఏ ముక్క ఇంటిపేరో, ఏది సొంతపేరో మొదట చెప్పవలసినవాడు వ్యాసకర్తయే. ఆ గడి యెదుట తెలుగువాడు నేటికిని ఒక క్షణము ఆగును.