ఉయిర్ కాలేజీ నేల మీద

మా అవ్వ గుడియాత్తం దాటింది తక్కువ. ఒకసారి పట్నం పోయొచ్చి, "రెండు కాలేజీలూ చూసొచ్చినా" అని ఊరంతా చెప్పుకుందట. బడి గడప తొక్కని అవ్వకు కాలేజీలేమిటని ఆరా తీస్తే తెలిసింది. చెన్నపట్నంలో జనం ఎగ్మూరు మ్యూజియాన్ని 'సెత్త కాలేజీ' అనీ, జూను 'ఉయిర్ కాలేజీ' అనీ పిలిచేవారు. చచ్చిన కాలేజీ, ప్రాణమున్న కాలేజీ! ఆ జూ ఉన్న పీపుల్స్ పార్కు నేల మీదే ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ ఇండోర్ స్టేడియం ఉంది.

రెండు కాలేజీలూ ఒక కడుపున పుట్టినవే. మ్యూజియంలో ఉంచిన బతికున్న పులినీ చిరుతనూ చూడ్డానికి జనం విరగబడుతుంటే అక్కడి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ గమనించాడు. 1855లో కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన జంతువులన్నిటినీ తెప్పించాడు. నవాబంటే మన ఆర్కాటు నవాబే. అప్పటికి కాపురం చేపాక్కంలో. ఏడాదికల్లా మ్యూజియంలో 300 పైచిలుకు ప్రాణులు! 1863లో వాటిని పీపుల్స్ పార్కుకు తరలించారు. గవర్నర్ ట్రెవెల్యాన్ తలపెట్టిన పార్కది. 116 ఎకరాలు, చెరువులు, బండి బాటలు, బ్యాండు మేళం. ఆయన మాత్రం ఎక్కువకాలం లేడు. ఆదాయపు పన్నును బాహాటంగా ఎదిరించినందుకు 1860లోనే వెనక్కి పిలిపించారు.

ఆ తర్వాత విక్టోరియా హాలు, మూర్ మార్కెట్, రిపన్ బిల్డింగ్ ఒక్కొక్కటే పార్కును కొరుక్కుతిన్నాయి. అన్నీ అందమైన కట్టడాలే, కానీ పేదవాడు పైసా లేకుండా చెట్టు కింద నడుం వాల్చే చోటు పోయింది. ఆ నష్టం ఏ కట్టడంతోనూ తీరలేదు. 1956లో అక్కడి కార్పొరేషన్ స్టేడియంలో క్రికెటర్లు మన్కడ్, పంకజ్ రాయ్ తొలి వికెట్‌కు 413 పరుగులు చేశారు. 1985లో జూ వండలూరుకు పోయింది, అదే ఏడు మూర్ మార్కెట్ కాలిపోయింది.

1995 దక్షిణాసియా క్రీడల కోసం ఇండోర్ స్టేడియం లేచింది. ఎండావానలతో పనిలేకుండా షటిల్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఒకే కప్పు కిందికి వచ్చాయి. సుమారు 8,000 మంది కూర్చోవచ్చు. 2022 జులై 28న చదరంగం ఒలింపియాడ్ ఇక్కడే మొదలైంది. ఆటలు జరిగింది మహాబలిపురంలో. తొమ్మిదో నెల కడుపుతో ద్రోణవల్లి హారిక అక్కడ ఆడింది; కోనేరు హంపి, హారిక ఉన్న జట్టు కాంస్యం గెలిచింది.

గుడియాత్తంలో రైలెక్కి సెంట్రల్లో దిగినప్పుడు పిల్లల్ని రిపన్ బిల్డింగ్ వెనక్కి తీసుకెళ్ళండి. ఉయిర్ కాలేజీ ఇక్కడే ఉండేదని చెప్పండి.