మాలేరి ఎముకలు, కెల్విన్ సూర్యుడు

జీవశాస్త్రం భౌతికశాస్త్రం వెనుక చేతులు కట్టుకు నిలబడవలసిందేననీ, నక్షత్రాలను గురించి అది చెప్పగలిగేది ఏమీ లేదనీ మన కళాశాలల్లో ఒక భావం పాతుకుపోయి ఉంది. చరిత్ర చూస్తే ఇది నిలవదు. పాత ఆదిలాబాదు జిల్లాలోని మాలేరి ఎర్రమట్టి ఆ చరిత్రలో ఒక సాక్షి అని నేనంటాను.

1869లో లండనులో థామస్ హెన్రీ హక్స్లీ రెండు పనులు చేశాడు. స్కాట్లండులోని ఎల్గిన్ వద్ద దొరికిన హైపెరొడపెడన్ అనే సరీసృపాన్ని వర్ణిస్తూ, మాలేరిలో దొరికిన ఎముకలు కూడా ఆ కోవకు చెందినవేనని గుర్తించాడు. (ఆ జంతువుకు తర్వాత లైడెక్కర్ హక్స్లీ పేరే పెట్టాడు, మాలేరి పేరు రాతిపొరకు దక్కింది.) ఆ ఏడే భూవిజ్ఞాన సంఘం అధ్యక్షుడిగా, విలియం థామ్సన్ - తర్వాతి కెల్విన్ ప్రభువు - వేసిన కాలగణనను ఎదిరించాడు.

ఆ గణన తేలికగా తోసిపుచ్చదగింది కాదు. సూర్యుడు బొగ్గులా మండేవాడే అయితే కొద్ది వేల ఏళ్ళలో ఆరిపోవాలి. తన బరువుకు తానే కుంగుతూ వేడి పుట్టిస్తున్నాడని హెల్మ్‌హోల్ట్జ్, కెల్విన్ అన్నారు. ఆ లెక్కన కూడా కొన్ని కోట్ల ఏళ్ళకు మించి వెలగలేడు. 1897 నాటికి కెల్విన్ భూమి వయస్సును 2 నుంచి 4 కోట్ల ఏళ్ళకు కుదించాడు. ప్రకృతి వరణం మెల్లగా సాగే పని; దానికి ఆ గడువు చాలదు. ఒక్క ఇంగ్లండు లోయ కోసుకుపోవడానికే 30 కోట్ల ఏళ్ళు పట్టిందని 1859లో రాసిన డార్విన్, విమర్శలు రాగా 1861 కూర్పులో ఆ అంకెను తీసివేశాడు.

ఇప్పుడు చిక్కెక్కడుందో గమనించండి. కెల్విన్ కూడికలలో తప్పు లేదు. ప్రకృతిలో ఉన్న శక్తులన్నీ తనకు తెలిసిపోయాయన్న నమ్మకంలోనే తప్పుంది. జీవం అంత పురాతనమైనదైతే, అంతకాలమూ వెలగడానికి సూర్యునికి మరో ఇంధనం ఉండి తీరాలి! అణువుల లోపల అపారశక్తి దాగి ఉండవచ్చునని 1899లో కెల్విన్‌కు బదులు చెప్పినవాడు ఛాంబర్లిన్ అనే భూవిజ్ఞాని. బెకెరెల్ రేడియో ధార్మికతను కనుగొన్నది అంతకు మూడేళ్ళ ముందే. సూర్యునిలో కేంద్రకాలు కలిసి శక్తి వెలువడుతుందని 1920లో ఎడింగ్టన్ సూచించాడు, 1939లో బేతే వివరించాడు.

మాలేరి పొర వయస్సు సుమారు 22 కోట్ల ఏళ్ళు. కెల్విన్ లెక్క ప్రకారం ఇంకా భూమే పుట్టని కాలంలో ఆ జంతువు గోదావరి లోయలో మొక్కలు మేసింది. కరీంనగర్ వైపు రామగుండం బొగ్గు అంతకంటే పాతది, 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. ఆనాటి ఎండ అందులో నిలవ ఉంది.

విశ్వం జీవం కోసమే నిర్మితమైందని భావవాదులు ఇందులోంచి లాగాలని చూస్తారు. ఇక్కడ జీవం సాక్ష్యం మాత్రమే ఇచ్చింది, ప్రయోజనం ఏదీ చెప్పలేదు. మాలేరి జంతువు వంశం ట్రయాసిక్ యుగం ముగియకముందే అంతరించింది. సూర్యుడు ఆ తర్వాత కూడా హైడ్రోజన్ మండించుకుంటూనే ఉన్నాడు.