చోటు మారిన శిల్పం: అమరావతి రాళ్ల చరిత్ర

అమరావతి మహాచైత్యం చుట్టూ ఒకప్పుడు నిలిచిన రాతి కంచెకు రెండు ముఖాలు. బయటి ముఖం మీద విచ్చిన పద్మాలు, పై దూలమైన ఉష్ణీషం పొడవునా బరువైన పూలదండను భుజాల మీద మోసుకుపోయే మనుషులు. లోపలి ముఖం మీద జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు, రాజసభలు, వీధులు, ఏనుగులు, గుర్రాలు. బాటన పోయేవాడికి కనిపించేవి పద్మాలే. కథలు చూడాలంటే ద్వారం దాటి లోపలికి రావాలి, చైత్యాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి. సుమారు 1,800 ఏళ్ల కిందట ఇక్కడ, నాటి ధాన్యకటకంలో, పనిచేసిన శిల్పులు రాయిని చెక్కేటప్పుడే చూపరి ఏ దిక్కున నడుస్తాడో, ఎక్కడ ఆగుతాడో ఆలోచించి పెట్టుకున్నారు.

ఆ నడక పోయింది. రాళ్లు మిగిలాయి. గత రెండు శతాబ్దాల్లో ఆ రాళ్లను చెరువు మెట్లుగా, బజారు అలంకారంగా, ప్రభుత్వ ఆస్తిగా, గ్రీకు కళకు దూరపు బంధువుగా, మ్యూజియం వస్తువుగా, చివరికి రాష్ట్ర చిహ్నంగా చూశారు. శిల్పం ఒక్కటే అయినా దాన్ని నిలబెట్టిన చోటు, చూసేవాళ్లు వెంట తెచ్చుకున్న సంస్కారం మారినప్పుడల్లా వాళ్లకు దక్కిన అనుభవం మారింది. కళను ఎలా చూపుతున్నామన్నది కళలో భాగమేనని నిరూపించడానికి తెలుగు నేల మీద ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

కృష్ణ కుడి ఒడ్డున ఈ చైత్యం క్రీస్తు పూర్వమే వెలసింది. శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీ.శ. 2వ శతాబ్దంలో, పెరిగి పెద్దదైంది. కంచె బయటి వ్యాసం 190 అడుగులకు పైగా ఉండేదని, ఎత్తు 13 అడుగుల దాకా ఉండేదని 19వ శతాబ్దపు కొలతలను బట్టి లెక్కగట్టారు. కంచెకూ, అండమనే అర్ధగోళం కింద ఉండే గుండ్రటి అరుగు మేధికీ మధ్య ప్రదక్షిణాపథం. నాలుగు దిక్కులా మేధి నుంచి ముందుకు వచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు. రాయి పల్నాడు సున్నపురాయి: లేత ఆకుపచ్చ ఛాయ, నున్నటి పొర, ఉలికి తేలిగ్గా లొంగే గుణం. దగ్గరగా నిలబడితే తప్ప కనబడనంత సన్నని పనిని ఆ రాయి నిలుపుకోగలిగింది. ఆ పథంలో నడిచేవాడు దగ్గరగానే ఉంటాడు మరి.

అక్కడి శాసనాలు ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. వాటిలో వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లు దాతలుగా కనిపిస్తారు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తన కుటుంబంతో కలిసి ఇచ్చానని రాయించాడు. అంటే ప్రదక్షిణం చేసే మనిషికి అది ఎవరో రాజు కట్టించిన కట్టడంగా మాత్రమే కనిపించి ఉండదు. తన వాడకట్టు వాళ్లు, తన వృత్తి వాళ్లు, తన చుట్టాలు ఇచ్చిన రాళ్ల నడుమ నడిచేవాడు. చాలా పలకల మీద బుద్ధుడు మనిషి రూపంలో లేడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం ఉంటాయి. కథ ముందే తెలిసినవాడు ఆ ఖాళీని తన మనసులో పూరించుకుంటాడు. తెలియనివాడికి అది చెట్టు కింద ఉన్న ఒక పీట.

ఈ నడకకూ కథకూ ఉన్న ముడి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న నాళాగిరి పద్మకంలో బాగా తెలుస్తుంది. సుమారు మూడడుగుల వృత్తం అది. నాళాగిరి అనే మదించిన ఏనుగు రాజగృహం వీధిలో చిందులు తొక్కుతుంది. ఒక మనిషిని తొండంతో లాగేస్తుంది. జనం చెల్లాచెదురవుతారు, ఒక స్త్రీ భయంతో పక్కనున్నవాణ్ణి పట్టుకుంటుంది, మేడల గవాక్షాల్లోంచి ముఖాలు తొంగిచూస్తాయి. అదే వృత్తంలో, కుడి పక్కన, అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. వీధి ఒక్కటే, ఏనుగు ఒక్కటే, క్షణాలు మాత్రం రెండు. ప్రదక్షిణంగా నడిచేవాడు కంచె వైపు తిరిగితే అతని అడుగు ఎడమ నుంచి కుడికి పోతుంది. కథలున్నది కంచె లోపలి ముఖానే గనుక, అతనికి ముందు బీభత్సం ఎదురవుతుంది, ఒక అడుగు తర్వాత శాంతి. మేధి వైపు తిరిగితే అదే నడక కుడి నుంచి ఎడమకు సాగుతుంది. శిల్పి ఈ రెండు దిక్కులనూ ఎరిగి పనిచేశాడని నేను నమ్ముతాను. గోడకు తగిలించిన రాయిని ఎదురుగా నిలబడి చూసేవాడికి ఆ కాలక్రమం అందదు. అతనికి అది రద్దీగా ఉన్న ఒక బొమ్మ.

చైత్యంలో పూజ చాలాకాలం సాగింది. అమరేశ్వరాలయంలోని 1182 నాటి శాసనం కోట వంశపు కేతరాజు బుద్ధునికి దీపాలు ఇచ్చిన సంగతి చెబుతుంది. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం ధాన్యకటకంలో ఒక బౌద్ధాలయాన్ని బాగుచేయించిన మాట ప్రస్తావిస్తుంది. దాని కాలం 1344. ఆ తర్వాత మౌనం. 18వ శతాబ్దం చివరికి అక్కడ మిగిలింది జనం దీపాలదిన్నె అని పిలుచుకునే ఒక మట్టిదిబ్బ.

1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చుకుని కొత్త ఊరు కట్టించసాగాడు. కట్టడాలకు ఇటుక, రాయి కావాలి. దిబ్బలో రెండూ ఉన్నాయి. చెక్కిన పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లలో చేరాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. దీనికి ఆ రాజునో ఆ ఊరివాళ్లనో తిట్టిపోయడం తేలికే కాని న్యాయం కాదు. ఆ బొమ్మల కథలు చెప్పేవాళ్లు నాలుగు వందల ఏళ్లుగా ఆ ఊళ్లో లేరు. కథ పోయాక రాయి రాయే అయింది.

1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. మొదట అది జైనుల కట్టడమేమో అనుకున్నాడు. 1816లో సర్వే బృందంతో తిరిగి వచ్చి కొలతలు తీయించాడు, చిత్రాలు గీయించాడు. తెల్లకాగితం మీద, నేల లేకుండా, పక్క రాయి లేకుండా, స్కేలు పక్కన నిలబడిన శిల్పాలవి. అమరావతి శిల్పం విడి వస్తువుగా కనబడటం అక్కడే మొదలైంది. అయినా ఆ చిత్రకారులకు మనం ఋణపడి ఉన్నాం. తర్వాత నశించిపోయిన ఎన్నో పలకలు ఇవాళ ఆ కాగితాల మీదే బతికి ఉన్నాయి.

మెకంజీ వెళ్లిపోయాక రాబర్ట్‌సన్ అనే అధికారి 33 పలకలను మచిలీపట్నం తరలించి, కొత్త బజారు కూడలిలో అలంకారంగా నిలబెట్టించాడు. వాటిలో కొన్ని ఒక ఓడరేవు అధికారి తోటలోకి పోయాయి. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ మళ్లీ తవ్వించి, దొరికిన రాళ్లను మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండలో వానలో పడి ఉన్నాయి. 1859లో 120కి పైగా పలకలను లండన్‌కు ఓడ ఎక్కించారు. ఆ తర్వాత ఇండియా మ్యూజియం ఫైఫ్ హౌస్‌కు మారింది, రాళ్లూ అక్కడికే చేరాయి. చోటు చాలక కొన్ని రాళ్లను బయటి గోడకు బిగించారు. లండన్ బొగ్గుపొగ, మంచు, వాన వాటి మీద పడ్డాయి. మిగతావి గుర్రపుశాలలో చేరాయి.

1867 పారిస్ ప్రదర్శన కోసం భారతీయ వాస్తు ఫోటోలు సిద్ధం చేస్తూ వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ ఆ గుర్రపుశాలలో వాటిని చూశాడు. ఒక్కొక్క రాయినీ ఫోటో తీయించి, కంచెలో ఏది ఎక్కడ ఉండేదో కాగితం మీద పేర్చి, సాంచి శిల్పాలతో కలిపి 1868లో పెద్ద గ్రంథం వేశాడు. దాని పేరు ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’. ఫెర్గుసన్ శ్రమ గొప్పది. ఆయన లేకపోతే ఆ రాళ్లు అక్కడే శిథిలమయ్యేవి. అయితే అట్ట మీది మాటే ఐరోపా పాఠకుడి చూపుకు దిక్కు చూపించింది. చెట్టుకు మొక్కే మనుషులను చూసి ఆదిమ వృక్షారాధన అనుకున్నారు, నాగరాజులను చూసి సర్పారాధన అనుకున్నారు. బోధివృక్షం ముందు చేతులు జోడించిన స్త్రీ ఎవరిని తలచుకుంటోందో ధాన్యకటకంలో ప్రతి పిల్లవాడికీ తెలిసి ఉండేది.

1880లో రాళ్లు బ్రిటిష్ మ్యూజియం చేరాయి. వాటిని ప్రధాన మెట్లదారి గోడల వెంట అమర్చారు. అక్కడ ఇంకో సంగతి జరిగింది. సున్నపురాయే అయినా ఇలియట్ పేర ‘మార్బుల్స్’ అని పిలవడం అప్పటికే అలవాటైంది, అదే భవనంలో గ్రీసు నుంచి తెచ్చిన ఎల్గిన్ మార్బుల్స్ ఉన్నాయి. మెట్లెక్కే సందర్శకుడు రెంటినీ ఒకే కొలబద్దతో చూడటం సహజం. గ్రీకు శిల్పానికి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్పది, దూరమైతే తక్కువది. కిక్కిరిసిన మూర్తుల అల్లిక, ఒకే చట్రంలో రెండు కాలాలు, ఖాళీ ఆసనం: అమరావతి తన సొంత బలంగా నిలుపుకున్న ఈ గుణాలే ఆ కొలతలో లోపాలుగా లెక్కకొచ్చాయి.

మద్రాసు వైపు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1877లో రాబర్ట్ సూయల్ అనే అధికారి దిబ్బలో కొంత భాగం తవ్వాడు. 1880లో గవర్నరు బకింగ్‌హామ్ ఆజ్ఞ మీద దిబ్బనంతా తవ్వి తీసేశారు. ఆ తర్వాత వచ్చిన పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ మిగిలిన పలకలను ఎంపిక చేసి మద్రాసుకు పంపించాడు. ప్రాచీన కట్టడాల పరిరక్షణ చూసే హెచ్.హెచ్. కోల్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అసలు రాళ్లు పుట్టిన చోటే ఉండాలి, మ్యూజియాలకు వాటి అచ్చుపోతలు చాలు అన్నాడు. ఆ మాట చెల్లలేదు. పోనీ మద్రాసులోనైనా జాగ్రత్తగా నిలబెట్టారా అంటే, మ్యూజియం అధికారి బీడీ వాటిని గోడల్లో సిమెంటుతో పొదిగించాడు. బర్జెస్ అభ్యంతరం చెప్పినా వినలేదు.

ఒక్క క్షణం ఆలోచించండి. రెండు ముఖాలున్న కంచె రాయిని గోడలో పొదిగితే ఒక ముఖం శాశ్వతంగా చీకట్లోకి పోతుంది. బయటివాడికి పద్మం, లోపలివాడికి కథ అన్న ఆ అమరిక అంతా ఒక పూత సిమెంటుతో పోయింది. తవ్వకాల్లో జరిగిన ధ్వంసం గురించి చరిత్రకారులు చాలా రాశారు. నా దృష్టిలో ఈ పొదగడం కూడా అంతటి ధ్వంసమే, పైగా ఇది శిల్పాన్ని గౌరవిస్తున్నామన్న నమ్మకంతో జరిగింది.

చూపును తిరిగి ఈ నేలకు తెచ్చే పని ఒక పుస్తకం చేసింది. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన సి. శివరామమూర్తి 1942లో అమరావతి శిల్పాల మీద వెలువరించిన గ్రంథంలో ఆ మూర్తుల నగలు, తలపాగాలు, జడలు, వాద్యాలు, రథాలు, ఆసనాలు ఒక్కొక్కటీ తీసి పాత సాహిత్యంతో పోల్చి చూపించాడు. రాళ్లను కదపలేదు, గోడ పగలగొట్టలేదు. అయినా ఆ పుస్తకం చదివి గ్యాలరీలోకి వెళ్లినవాడు వేరే శిల్పాన్ని చూస్తాడు. గ్రీకు కొలబద్ద పక్కకు తప్పుకుని, గాథాసప్తశతి నాటి మనుషులు ముందుకొస్తారు.

లండన్‌లో మెట్లదారి రాళ్లు తర్వాత దశాబ్దాల పాటు నేలమాళిగలో ఉన్నాయి. 1992లో గాలి, తేమ అదుపులో ఉండే గాజు గదిని ప్రత్యేకంగా కట్టి, మ్యూజియం అధికారి రాబర్ట్ నాక్స్ రాసిన కొత్త సూచీగ్రంథంతో వాటిని తిరిగి బయటికి తెచ్చారు. రాయికి అది మంచి ఆశ్రయం, కాని గాజుకు ఇవతల నడిచేవాడికి ప్రదక్షిణం కుదరదు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు అక్కడ మెరిశాయి, ప్రపంచం తెలుగు నేల వైపు కొత్తగా చూసింది. ప్రదర్శనకు పెట్టిన పేరు మాత్రం ‘ట్రీ అండ్ సర్పెంట్’. 1868 నాటి అట్ట మీది మాట ఇంకా వదల్లేదు.

ఇప్పుడు అమరావతిలో ఉన్నది గడ్డి పరిచిన ఇటుక మేధి, అక్కడక్కడా నిలబెట్టిన కొన్ని పలకలు, పక్కన పురావస్తు శాఖ మ్యూజియం. విధికుడి పూర్ణఘటం స్ఫూర్తితో తీర్చిన చిహ్నాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో స్వీకరించింది. ప్రతి ప్రభుత్వ కాగితం మీదా ఆ కుండ ఉంది. ఇచ్చిన చర్మకారుడి పేరు తెలిసినవాళ్లు అరుదు.

లండన్ రాళ్లు తిరిగి రావాలా అన్న వాదన న్యాయమైనదే, అది సాగాలి. దానికోసం వేచి ఉండకుండా చేయగలిగిన పని ఒకటుంది. కోల్ ఆనాడు చెప్పిన అచ్చుపోతల పద్ధతి ఇప్పుడు త్రీడీ స్కానింగ్ వల్ల ఎంతో తేలికైంది. చెన్నై, లండన్, కలకత్తా మ్యూజియాల్లోని పలకలను రెండు వైపులా స్కాన్ చేయించి, దీపాలదిన్నెకు దగ్గర్లో, పాత పునాది జోలికి పోకుండా, కంచెలో కనీసం నాలుగో వంతు భాగాన్ని నిజమైన కొలతలతో నిలబెట్టాలి. పద్మాలు బయటికి, కథలు లోపలికి ఉండాలి. ప్రతి రాయి కిందా దాత పేరు తెలుగులో ఉండాలి. నడవడానికి బాట ఉండాలి. పురావస్తు శాఖ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఆ మూడు మ్యూజియాలు కలిసి కూర్చుంటే ఇది అసాధ్యం కాదు. మొదటి అడుగు అమరావతి నుంచే పడాలి.