కృష్ణవర్ణం, రాగిరేకు, పెన్సిలు అంకె

ఈ మధ్య చిత్రప్రదర్శనల వార్తలు చదువుతూంటే రెండు మాటలు తరచుగా కంటబడుతున్నవి. ఒకటి డార్క్ ఆర్ట్. పుర్రెలు, నీడలు, ముఖంలేని మనుషులు, కుళ్ళిన పూలు దానికి వస్తువులు. రెండవది లిమిటెడ్ ఎడిషన్, అనగా పరిమిత ముద్రణ. ఒకే చిత్రానికి ఏ ముప్పై అచ్చుప్రతులో తీసి, ఒక్కొక్కదాని అడుగున 7/30 అన్నట్లు పెన్సిలుతో అంకె వేసి అమ్ముతారు. మొదటిది అమంగళమనీ, రెండవది వర్తకుల గారడీ అనీ తోసివేసే పెద్దలు మన చుట్టూ చాలామందే ఉన్నారు. కాని ఈ రెండింటికీ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఇద్దరు తెలుగువారికి పెద్దపీట ఉన్నది. పద్యాలూ ప్రబంధాలూ చదువుకొన్న మనబోటివారి నోట వారి పేర్లు వినబడకపోవడమే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

ముందు అమంగళం సంగతి. భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాలకు రంగులు చెప్పినాడు. హాస్యానికి తెలుపు, కరుణకు కపోతవర్ణం, రౌద్రానికి ఎరుపు, బీభత్సానికి నీలం, భయానకానికి కృష్ణవర్ణం. శృంగారంతోపాటు వీటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినాడే గాని వాకిట నిలబెట్టలేదు. స్త్రీపర్వంలో గాంధారి చూచిన రణభూమిని తిక్కనగారు తెలుగు చేసినప్పుడు ఎవరూ పుస్తకం మూయలేదు. మా పెందుర్తికి చేరువనే ఉన్న సింహాచలంలో స్వామి నిజరూపం ఏటా వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే దర్శనమిస్తుంది. తక్కిన దినాలన్నీ చందనం మాటున ఉంటుంది. ఉగ్రత్వాన్ని చల్లబరచడానికని పెద్దలంటారు. ఉగ్రరూపాన్ని మనవారు వెలివేయలేదు, చూడడానికి ఒక వేళ పెట్టినారు, అంతే.

చీకటి చిత్రాలు అచ్చును ఆశ్రయించడంలోనూ ఇటువంటి కారణమే ఉన్నదని నా అభిప్రాయం. తైలవర్ణచిత్రం గోడమీద నిత్యం ఎదుట ఉంటుంది. అచ్చుచిత్రం అట్టల మధ్య దాచుకొని, కావలసినప్పుడు ఒడిలో పెట్టుకొని చూచేది.

ఇక అంకె సంగతి. రాగిరేకు మీద మైనం కలిసిన పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. రేకును నత్రికామ్లంలో ముంచితే గీసినచోట మాత్రమే ఆమ్లం లోహాన్ని తింటుంది. పూత తీసి, సిరా పట్టించి, పైపైన తుడిస్తే గాడులలో మాత్రం సిరా నిలుస్తుంది. తడి కాగితం కప్పి రెండు రోలర్ల నడుమ నెడతారు. చెరకు రసం తీసే యంత్రాన్ని తలచుకొంటే చాలు. ఆ ఒత్తిడికి కాగితం గాడులలోకి దిగి సిరాను అందుకొంటుంది. దీనినే ఎచింగ్ అంటారు. అయితే తుడిచిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ రాగి అరుగుతుంది. ఆమ్లం లేకుండా సూదితో నేరుగా గీచే డ్రైపాయింట్ పద్ధతిలో మంచి ప్రతులు కొద్ది పదులకు మించి రావు. మొదటి ప్రతిలోని నలుపు చివరి ప్రతిలో బూడిద అవుతుంది. లోహం అలసిపోయే చోట గీత గీయడమే పరిమిత ముద్రణ. 19వ శతాబ్దం చివరలో సంతకమూ అంకే వేసే ఆచారం స్థిరపడడానికి ముందే రాగి ఆ హద్దు పెట్టింది.

స్పెయిన్ దేశపు గోయా దీనికి గొప్ప సాక్షి. 1799లో 80 చిత్రాలతో కాప్రిచోస్ అనే సంపుటి వెలువరించి, కొద్ది ప్రతులు అమ్ముడుపోగానే అమ్మకం ఆపివేసినాడు. నెపోలియన్ సేనలు ఆ దేశంలో చేసిన ఘోరాల మీద చెక్కిన యుద్ధవిపత్తుల చిత్రాలు ఆయన బ్రతికుండగా బయటికే రాలేదు. 1828లో ఆయన మరణిస్తే అవి 1863లో అచ్చయినవి. అవే రేకులను 1937 దాకా మళ్ళీ మళ్ళీ అచ్చొత్తినారు. తొలి ప్రతినీ తుది ప్రతినీ పక్కపక్కన పెడితే లోహపు అలసట కంటికే తెలుస్తుంది.

మన దేశంలో పరిమితి మరొక దారిన కూడా వచ్చింది. 1943 బెంగాల్ కరవులో చిత్తప్రసాద్ మిడ్నాపూర్ జిల్లా తిరిగి, చూచినదాన్ని నలుపుతెలుపులలో గీసి హంగ్రీ బెంగాల్ అనే చిన్న పుస్తకం వేసినాడు. అచ్చయిన 5000 ప్రతులను ఆంగ్ల ప్రభుత్వం పట్టుకొని తగులబెట్టింది. ఆ కుటుంబం దాచుకొన్న ఒక ప్రతి మిగిలింది. దాని ప్రతిరూపాన్ని 2011లో ఢిల్లీలోని ఒక గ్యాలరీ మళ్ళీ ముద్రించింది.

ఆ కరవు కాలంలో శాంతినికేతనంలో నందలాల్ బోసు శిష్యుడుగా చదువుకొంటున్న తెలుగు యువకుడు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టినారు. లండన్‌లో హెన్రీ మూర్ వద్ద శిల్పం నేర్చి, పారిస్ చేరి, హేటర్ నడిపే అటెలియే 17 అనే ముద్రణశాలలో స్థిరపడినారు. అప్పటివరకు రంగుల అచ్చుకు సాధారణంగా రంగుకొక రేకు కావలసివచ్చేది. హేటర్, కైకో మోతీలతో కలిసి కృష్ణారెడ్డిగారు ఒకే రేకుతో, ఒకే ఒత్తిడితో బహువర్ణాలు సాధించే పద్ధతిని పెంపొందించినారు. రేకును శిల్పివలె వేర్వేరు లోతులకు చెక్కుతారు. సిరాలలో అవిసెనూనె పాలు మారుస్తారు. గట్టి రోలరు మిట్టలను మాత్రమే తాకుతుంది, మెత్తని రోలరు పల్లాలలోకి దిగుతుంది. పలుచని సిరా, చిక్కని సిరా ఒకదానినొకటి సమీపించినా కలిసిపోవు. (మన వ్యాకరణంలో ప్రకృతిభావం వలె! రెండు అచ్చులు ఎదురుపడినా సంధి జరగదు.) ప్రతి ప్రతికీ సిరా చేతితోనే పట్టించాలి గనుక ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకటి కావు.

పేరులోనే నలుపున్న ఆయన ఇన్ని రంగులు సాధించడం ఒక చమత్కారం. అయినా ఆ రంగుల అడుగున చీకటి లేకపోలేదు. పారిస్ విద్యార్థుల తిరుగుబాటు చూచి 1968లో చెక్కిన డెమాన్‌స్ట్రేటర్స్ చిత్రం ఉత్సవచిత్రం కాదు. 1980లనాటి గ్రేట్ క్లౌన్‌లోని విదూషకుడూ నవ్వించేవాడు కాడు. ఆ రేకునుండి అనేక వర్ణభేదాలతో ప్రతులు తీసినారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2016-17లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల ముద్రణచిత్రాలను ఒకే ప్రదర్శనగా పెట్టింది. 2018లో న్యూయార్కులోనే కన్నుమూసినారు.

రెండవవారు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద శిక్షణ పొందినారు. ఆయన తొలినాళ్ళ నలుపుతెలుపు ఎచింగులలో పల్లె ఉన్నది గాని సంక్రాంతి క్యాలెండరు పల్లె కాదు. మేకలు, చెట్లు, మనుషుల దేహాలు ఒకదానిలోనికొకటి పాకుతూంటాయి. కామం అక్కడ అలంకారం కాదు, ఆకలివంటిది. భరతుని వర్ణపట్టికలో దీనికి గడి దొరకదు. శృంగారమనబోతే భయానకం తగులుతుంది. 2016లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది.

నేటి ప్రతులలో చాలావరకు కంప్యూటరు నుండి సిరాను చిమ్మే యంత్రంతో తీసినవి. యంత్రానికి పదవ ప్రతీ పదివేలవ ప్రతీ ఒకటే. అరిగే రేకు లేదు గనుక అక్కడ 7/30 అన్నది అమ్మేవాడి మాట మాత్రమే. మాట తప్పడని నమ్మితే కొనవచ్చు. రాగిరేకు విషయంలోనూ మాటకు భద్రత కోసమే కదా, ముద్రణ ముగిసిన పిదప చిత్రకారులు రేకు మీద అడ్డంగా గాటు పెట్టేవారు!

విశాఖలో గాని హైదరాబాదులో గాని ముద్రణచిత్రాల ప్రదర్శన పడినప్పుడు, చదువరులు చత్వారపు అద్దాలు మరువకుండా తీసుకువెళ్ళండి. అంకెకంటె ముందు చిత్రం అంచులు చూడండి. రేకు నొక్కిన గుర్తుగా కాగితంలో చుట్టూ చిన్న పల్లం కనబడుతుంది. కాస్త పక్కనుండి వెలుతురులో చూస్తే, నల్లని గీతలు కాగితం మీద వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచి ఉంటాయి.