పుట్టింటి పేరుతో వెతకాలి

మహిళా కళాశాల పూర్వ విద్యార్థినుల సమ్మేళనానికి జ్ఞాపకాలు సేకరించే పని పేర్ల దగ్గర మొదలవుతుంది. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉండేది పుట్టింటి పేరు. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో కాపురముంటున్న తెలుగింటి ఆడపడుచు విషయంలో పేరు రాసే వరుస కూడా మారవచ్చు. తెలుగునాట ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. మరాఠీ పద్ధతిలో సొంతపేరు ముందు, నడుమ భర్త పేరు, చివర ఇంటిపేరు. ఆ కొత్త వరుసలో ఆమె ఏ ఇంటి పిల్లో, ఏ బ్యాచ్ విద్యార్థినో ఆనవాలు దొరకదు. ఆచూకీ తెలియాలంటే ఆమె పక్కన కూర్చుని చదువుకున్న స్నేహితురాలినే అడగాలి.

బల్లార్‌పూర్ వార్ధా నది ఒడ్డున ఉన్న పారిశ్రామిక పట్టణం. 1945లో ఏర్పడిన కాగితపు మిల్లు, చుట్టుపక్కల బొగ్గు గనులు తెలుగువారిని అక్కడికి రప్పించాయి. కాజీపేట నుంచి ఆ పట్టణపు రైల్వే స్టేషన్ బల్హార్షాకు వెళ్లే రైలుమార్గం ఆ రాకపోకలకు దారి. నదికి అవతల ఉన్న రాజురా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఆ రాష్ట్రంలో ఆడపిల్లల ఉన్నత విద్యకు పెద్ద ఆధారం హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల. జనం దాన్ని కోఠీ విమెన్స్ కాలేజీ అంటారు.

ఆ కళాశాల 1924లో మొదలైంది. 1949లో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారింది. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు కట్టిన భవనం అది. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది దాని మీదే. తెల్లదొరల అధికారానికి గుర్తుగా నిలిచిన ఆ ఎత్తయిన స్తంభాల నడుమ ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడిచారు. కిర్క్‌పాట్రిక్ గురించి చరిత్రకారులు పుస్తకాలు రాశారు. ఆ మెట్ల మీద కూర్చుని పరీక్షలకు చదివిన అమ్మాయిల సంగతి వాళ్లంతట వాళ్లు చెబితేనే తెలుస్తుంది.

ఆ జ్ఞాపకాలు ఒక్క భాషలో దొరకవు. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో 1948 వరకు బోధన భాష ఉర్దూ. హైదరాబాద్ రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉండేవి. ఇంట్లో తెలుగు మాట్లాడి తరగతిలో ఉర్దూ రాసిన తరం ఒకటి, ఇంగ్లీషులో చదివిన తరం మరొకటి. అందుకే సేకరించేవారు ఎవరి మాటను వారి భాషలోనే రాసుకోవాలి. అనువాదం తర్వాతి పని.

ఈ పద్ధతికి తెలుగులో గొప్ప ఉదాహరణ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన సభ్యులు వారి నోటనే విని, ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో 1986లో పుస్తకంగా తెచ్చారు. అందులో చాకలి ఐలమ్మగా జనం ఎరిగిన చిట్యాల ఐలమ్మ కథనం ఉంది. ఆమె 1985 సెప్టెంబరులో కన్నుమూశారు. మాట ముందే రికార్డయింది కాబట్టి ఆమె గొంతు మనకు మిగిలింది. 2022లో కోఠీ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి ఈ ఐలమ్మ పేరే, వీరనారి చాకలి ఐలమ్మ అని ప్రకటించారు.

సహాధ్యాయినుల జ్ఞాపకాలకు మంచి ఆధారం గ్రూప్ ఫొటో. ముందు కుర్చీల్లో లెక్చరర్లు, వెనుక నిలబడ్డ అమ్మాయిలు, కొన్ని ఫొటోల కింద ఎడమ నుంచి కుడికి అచ్చయిన పేర్లు. ఆ ఫొటో ముందు పెట్టి ఒక్కో ముఖం మీద వేలుంచి అడిగితే మాట దానంతటదే వస్తుంది. ‘ఈ అమ్మాయి రెండో ఏడు రాలేదు, పెళ్లయిపోయింది’ లాంటి మాట అప్పుడే బయటపడుతుంది. డిగ్రీ అందుకున్నవారి జాబితాలో ఆ పేరుండదు. చదువు మధ్యలో ఆగిపోయినవారికి సమ్మేళనం పిలుపు అందాలంటే వెతుకులాట ఫొటో నుంచే మొదలుపెట్టాలి.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘కాలేజీ రోజులు ఎలా ఉండేవి’ అంటే ‘బాగుండేవి’ అనే జవాబే వస్తుంది. హాస్టల్లో గదికి ఎంతమంది, ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చేది, ఫీజు ఎవరు కట్టారు, చదువు వద్దన్నదెవరు, పంపాల్సిందేనని పట్టుబట్టిందెవరు అని విడివిడిగా అడగాలి. ఇద్దరు ఒకే సంఘటనను రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోవాలి. ఏళ్లను మాత్రం హాల్ టికెట్, మార్కుల జాబితా, ఆటోగ్రాఫ్ పుస్తకంలోని తేదీతో సరిచూసుకోవాలి. చనిపోయినవారి గురించి స్నేహితురాళ్లు చెప్పినదాన్ని ఆ ఇంటివారికి చూపించి, వారి అనుమతి తీసుకున్నాకే అచ్చువేయాలి.

సేకరించిన ప్రతి జ్ఞాపకం మీద చెప్పినవారి పుట్టింటి పేరు, ఇప్పటి పేరు, చదివిన సంవత్సరాలు, చెప్పిన తేదీ ఉండాలి. ఫొటో వెనుక పేర్లు మెత్తని పెన్సిల్‌తో రాయాలి. పెన్ను ఒత్తిడికి ముఖాల మీద గీతలు తేలతాయి. ఒక ప్రతి సమ్మేళన సంచికకు, ఒకటి కళాశాల గ్రంథాలయానికి, ఒకటి చెప్పినవారి ఇంటికి చేరాలి. రిజిస్టర్‌లోని పేరు, పెళ్లి తర్వాతి పేరు ఒకే పుటలో పక్కపక్కన నిలిచినప్పుడు ఆ విద్యార్థిని చరిత్రకు మళ్లీ దొరికినట్టు.