కొట్టారని దావా వేసిన బానిసలు

జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని నల్లబానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. ఆ గౌరవం వాళ్లకి దక్కాల్సిందే. కానీ ఆ విముక్తిని మనం తెల్ల సంస్కర్తల కథగానో, లింకన్ కథగానో చదువుకున్నాం. లింకన్‌కి చాలా ముందే, చదువు దక్కని బానిసలు యజమానుల మీద తామే కోర్టుకెక్కారు. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయీ కోర్టులో 1814-1860 మధ్య నడిచిన ఇలాంటి దావాల కాగితాలు 300కి పైగా దొరికాయి.

చట్టం దృష్టిలో బానిస ఆస్తి. గొడ్డు ఆసామి మీద కేసు పెడుతుందా? అందుకని కోర్టు ఒక వంకరదారి పెట్టింది. 'ఫలానా ఆయన నన్ను కొట్టాడు, నిర్బంధించాడు, నేను స్వేచ్ఛ గల మనిషిని' అని ఫిర్యాదు రాయించాలి. బానిసని యజమాని కొడితే అది నేరం కాదు, స్వేచ్ఛ గల మనిషిని కొడితే నేరం. కాబట్టి దెబ్బ సంగతి తేలాలంటే ముందు ఆ ఒళ్లు ఎవరిదో తేలాలి. 1824 నాటి మిస్సోరీ చట్టం వీళ్లకి వకీలుని ఇప్పించవచ్చంది, కేసు నడుస్తుండగా కోర్టు పరిధి దాటించకూడదంది, దావా వేశారని హింసించకూడదంది.

ఇదంతా కాగితం మీద. చాలాసార్లు దావా వేసినవాళ్లనే జైల్లో పెట్టేవాళ్లు, లేదా షెరీఫు కూలికి తిప్పేవాడు. పాలీ వాష్ అనే తల్లిని బానిసత్వం నిషేధించిన ఇల్లినాయ్‌లో కొంతకాలం ఉంచారు. ఆ ఆధారంతో ఆమె 1839లో దావా వేసి 1843లో గెలిచింది. బిడ్డ స్థితి తల్లిని బట్టే అన్నది బానిస యజమానులు తమ లాభానికి పెట్టుకున్న సూత్రం. పాలీ దాన్నే తిరగేసి కూతురు లూసీ తరఫున 1842లో ఇంకో దావా వేసింది. ఆ చిన్నపిల్ల 17 నెలలు జైల్లో ఉండి 1844లో గెలిచింది. పెద్దయ్యాక తన కథ తనే రాసుకుంది.

అందరికీ తెలిసిన డ్రెడ్ స్కాట్ కేసూ ఈ కోర్టులోనే పుట్టింది. 1846 ఏప్రిల్‌లో డ్రెడ్, అతని భార్య హారియట్ వేరువేరుగా అర్జీలు పెట్టారు. సంతకం బదులు ఇద్దరివీ గీత గుర్తులే. 1847లో ఓడిపోయారు. కారణం వినండి: వాళ్లని ఉంచుకున్నది ఫలానా ఆమే అని సాక్ష్యం సరిగా రుజువు చెయ్యలేదట. యజమాని అని రుజువు కాని మనిషి కిందే వాళ్లు బానిసలుగా మిగిలారు! 1850లో జ్యూరీ వాళ్లకి స్వేచ్ఛ ఇచ్చింది. 1852లో మిస్సోరీ సుప్రీంకోర్టు తన పాత తీర్పులనే పక్కన పెట్టి దాన్ని కొట్టేసింది. చుండూరు కేసులో 2007 నాటి శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టెయ్యడం చూసినవాళ్లకి ఈ మెట్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

1857 మార్చి 6న అమెరికా సుప్రీంకోర్టు 7-2తో తేల్చేసింది. నల్లవాళ్లు, బానిసలైనా కాకపోయినా, దేశ పౌరులు కారట, ఫెడరల్ కోర్టు గడప తొక్కే హక్కే వాళ్లకి లేదట. ఆ మాట 1868 రాజ్యాంగ సవరణతో గానీ చెరిగిపోలేదు.

ఆ మేలో డ్రెడ్ కుటుంబాన్ని విడిపించింది కోర్టు కాదు, అతని మొదటి యజమాని కొడుకు. డ్రెడ్ 1858లో చనిపోయాడు. హారియట్ 1876 దాకా బతికింది. తల్లి సూత్రం ప్రకారం ఇద్దరు కూతుళ్ల స్వేచ్ఛ ఆమె దావా మీదే ఆధారపడి ఉంది. అయితే 1850లో రెండు దావాల్నీ కలిపి మొగుడి కేసులో వచ్చే తీర్పే ఆమెకీ వర్తిస్తుందని ఒప్పందం చేశారు. చరిత్రలో నిలిచిన కేసు పేరులో హారియట్ లేదు.