కొలామీకి చుట్టాలెవరు?

సూరత్‌లోని ఆల్థాన్‌లో ఒక తెలుగు కుటుంబం స్థిరపడిందనుకోండి. కొన్నేళ్లకు వాళ్ల మాటల్లో గుజరాతీ పదాలు ఎన్నో చేరతాయి. అంతమాత్రాన వారి తెలుగు గుజరాతీకి చుట్టమైపోతుందా? కాదు కదా! భాషల్లో అరువు వేరు, చుట్టరికం వేరు.

ఇప్పుడు మన ఆదిలాబాద్ అడవుల్లోనూ, పక్కనే మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలోనూ కొలాములు మాట్లాడే కొలామీని చూడండి. అందులో తెలుగు, మరాఠీ మాటలు బోలెడు. పైపైన వింటే తెలుగు మాండలికమేమో అనిపించవచ్చు. బస్తర్‌లోని పర్జీ విషయంలో ఇలాంటి పొరపాటే జరిగింది. 1906లో వెలువడిన భారతీయ భాషా సర్వే నాలుగో సంపుటం దాన్ని గోండీ మాండలికాల్లో చేర్చింది. గదబతో ఇంకో చిక్కు. గదబల్లో కొందరిది ముండా కుటుంబానికి చెందిన గుతోబ్ భాష, మరికొందరిది ద్రావిడ భాష. తెగ పేరును బట్టి భాషా కుటుంబాన్ని తేల్చలేమన్నమాట!

1953లో బరో, భట్టాచార్య పర్జీపై పుస్తకం ప్రచురించారు. పర్జీ గోండీ కాదనీ, కొలామీ, నాయికీ, గదబలతో కలిసి వేరే శాఖ అనీ చెప్పారు. 1955లో ఎమెనో కొలామీ గ్రంథం ఈ అభిప్రాయానికి బలమిచ్చింది.

ఆధారం ఏమిటంటారా? ఒకటి చూద్దాం. మనం మగవారినైనా, ఆడవారినైనా 'ఇద్దరు' అంటాం, వస్తువులను 'రెండు' అంటాం. కొలామీలో మూడు రూపాలున్నాయి: ఇద్దరు మగవారు 'ఇద్దర్', ఇద్దరు ఆడవారు 'ఇరల్', రెండు వస్తువులు 'ఇందిఙ్'. 'ఇద్దర్' తెలుగు నుంచి వెళ్లిందని ఎవరైనా వాదించవచ్చు. మరి 'ఇరల్'? మన దగ్గర లేని మాటను మనం అరువివ్వలేం. పర్జీలోనూ ఆడవారికి 'ఇరల్' అనే అంటారు, మగవారికి 'ఇరుల్'. ఆదిలాబాద్ ఎక్కడ, బస్తర్ ఎక్కడ! ఇరుగుపొరుగు కాని రెండు భాషల్లో ఇంత ప్రత్యేకమైన రూపం ఒకేలా ఉందంటే, అది ఉమ్మడి మూలభాష నుంచి వచ్చి ఉండాలి. చివరి 'అల్'లో స్త్రీ అనే అర్థమున్న పాత ద్రావిడ పదం దాగి ఉంది. మన 'ఆలు' కూడా ఆ పదం నుంచి పుట్టిందే.

మరి తెలుగు సంగతి? భద్రిరాజు కృష్ణమూర్తి పరిశోధనల తర్వాత దాన్ని గోండీ, కువి, కొండ భాషల సరసన మరో శాఖలో ఉంచారు. అంటే గోండు, తెలుగు పల్లెల నడుమ ఉన్న కొలామీకి ఈ ఇరుగుపొరుగు భాషలు దూరపు బంధువులు. దాని సొంత తోబుట్టువులు బస్తర్‌లోనూ, ఒడిశా సరిహద్దు కొండల్లోనూ ఉన్నాయి.

2011 జనగణనలో కొలామీ మాట్లాడేవారు సుమారు 1,28,000 మంది.